ఎదుటి పార్టీ వాళ్లు మనల్నే చందా అడిగితే? ఇటుకరాయి నుంచి 'స్టాప్' దాకా



మా చిన్నప్పుడు వినాయక చవితికి ముందు ఒక సీన్ ప్రతి ఏడాదీ రిపీట్ అయ్యేది. పక్క వీధి కుర్రాళ్లు రసీదు బుక్కు పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చేవాళ్లు. మా నాన్న బయటికి వచ్చి, "బాబూ, మా వీధి గణపతి వేరు" అనేవారు. "అంకుల్, వీధులు వేరు గానీ దేవుడు ఒక్కడే కదా" అనేవాళ్లు వాళ్లు. నాన్న నవ్వేసి యాభై రూపాయలు రాయించేవారు.

దేవుడి విషయంలో ఆ మాట చెల్లుతుంది. ఎన్నికల్లో చెల్లదు. మీకు అస్సలు పడని అభ్యర్థి, అంటే ఓడిపోవాలని మీరు గట్టిగా కోరుకునే మనిషి, మీ ఫోన్‌కే మెసేజ్ పెట్టి "నా గెలుపుకి డబ్బులు పంపండి" అంటే ఏం చేస్తారు? ఇది నాకు జరిగింది.

2022 అక్టోబర్. కంపెనీ ఆన్‌సైట్ అని పంపితే వర్క్ వీసా మీద డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దిగాను. కొత్త సిమ్ తీసుకున్నా. ఆ నెలలో అమెరికాలో మిడ్ టర్మ్ ఎన్నికల హడావిడి. ఒక రోజు రాత్రి మెసేజ్ వచ్చింది. పైన పేరు నాది కాదు, ఎవరో అమెరికన్‌ది. కింద సారాంశం ఇది: మీరు మాకు ఎప్పుడూ అండగా ఉన్నారు, ఈసారి ఎందుకు మౌనంగా ఉన్నారు, విదేశీ ఉద్యోగులు వచ్చి మన పిల్లల ఉద్యోగాలు లాక్కుంటున్నారు, వాళ్లని ఆపాలంటే ఈ రాత్రి పన్నెండు లోపు 25 డాలర్లు పంపండి.

ఆ విదేశీ ఉద్యోగి ఎవరో కాదు, నేనే. నన్ను ఆపడానికి నన్నే పాతిక డాలర్లు అడుగుతున్నారు!

నాకు అక్కడ ఓటు లేదు. అభిప్రాయం మాత్రం ఉంటుంది కదా. ఒళ్లు మండిపోయింది. పెద్ద ఇంగ్లిష్ పేరా ఒకటి టైప్ చేశా. నా రూమ్మేట్ ఇంకో ఐడియా ఇచ్చాడు. "బ్రో, ఒక్క డాలర్ పంపు. పక్కనే కామెంట్ బాక్స్ ఉంటుంది, అందులో నాలుగు తిట్లు రాయి. డాలర్ తీసుకోవాలంటే తిట్లు చదవాలి కదా" అన్నాడు. నిజం చెప్తున్నా, కార్డు బయటికి తీశాను. ఆ డాలర్ పంపి ఉంటే ఏమయ్యేదో చివర్లో చెప్తా.

ఆ రాత్రి నాకొచ్చిన డౌట్ ఇది. ఇలాంటి చందా మెసేజ్‌లు అసలు ఎలా పుట్టాయి? నాకంటే ముందు వాటికి జనం ఏమని సమాధానం ఇచ్చారు? ఏ సమాధానం పని చేసింది?

చేత్తో రాసిన 12,500 పేర్లు

1964లో అమెరికా అధ్యక్ష ఎన్నిక. రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్, లిండన్ జాన్సన్ చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. 50 రాష్ట్రాల్లో గెలిచింది ఆరే. అందరూ ఆ ఓటమిని చూస్తుంటే, టెక్సస్ నుంచి వచ్చిన రిచర్డ్ విగరీ అనే కుర్రాడు మాత్రం వేరేది చూశాడు: గోల్డ్‌వాటర్‌కి డబ్బులిచ్చిన జనాన్ని.

అప్పటి రూల్ ప్రకారం విరాళాలిచ్చిన వాళ్ల పేర్లు, అడ్రసులు ప్రతినిధుల సభ క్లర్క్ ఆఫీసులో దాఖలు చేయాలి. ఎవరైనా వెళ్లి చూడొచ్చు. విగరీ వెళ్లాడు. 50 డాలర్లు, ఆ పైన ఇచ్చిన వాళ్ల పేర్లు ఎత్తి రాయడం మొదలుపెట్టాడు. తర్వాత మనుషుల్ని పెట్టి మరీ రాయించాడు. మొత్తం 12,500 పేర్లు. 1965లో ఆ లిస్టుతోనే కంపెనీ పెట్టాడు. అమెరికాలో ఉత్తరాలతో రాజకీయ చందాలు వసూలు చేసే పెద్ద వ్యాపారం అలా పట్టాలెక్కింది.

ఇది ఒక పార్టీ కథే అనుకోకండి. 1972లో డెమోక్రాట్ అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్‌కి ఇదే పని చేసిపెట్టింది మోరిస్ డీస్ అనే లాయర్. ఆయన అంతకు ముందు పోస్టులో వంట పుస్తకాలు అమ్మి డబ్బు సంపాదించిన మనిషి. వంట పుస్తకం ఎవరు కొంటారో కనిపెట్టే తెలివి, చందా ఎవరిస్తారో కనిపెట్టడానికీ పనికొచ్చింది. మెక్‌గవర్న్ 49 రాష్ట్రాల్లో ఓడిపోయాడు. లిస్టు మాత్రం మిగిలింది. అభ్యర్థి ఓడిపోయినా లిస్టు ఓడిపోదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మరి ఎదుటి పక్షం వాళ్లకి ఉత్తరాలు ఎందుకు వెళ్తాయి? ఎందుకంటే లిస్టుల్ని అద్దెకిస్తారు. ఫలానా పత్రిక చందాదారుల లిస్టు, ఫలానా సంస్థ సభ్యుల లిస్టు అన్నీ కలిపి కొత్త లిస్టు తయారు చేస్తారు. మీరు వేటాడే హాబీ ఉన్న డెమోక్రాట్ కావచ్చు, పక్షుల్ని చూసే హాబీ ఉన్న రిపబ్లికన్ కావచ్చు. పత్రిక లిస్టుకి ఆ తేడా తెలియదు. కొత్త వాళ్లకి ఉత్తరాలు పంపితే నూటికి ఒకరో ఇద్దరో డబ్బులు పంపినా బాగానే నడిచినట్టు లెక్క. మిగతా 98 మందికి కోపం వచ్చిందా, నవ్వొచ్చిందా, చింపి చెత్తబుట్టలో వేశారా అన్నది వాళ్ల లెక్కలోకే రాదు.

ఇంజినీర్‌గా ఇక్కడే నాకు మొదటి దెబ్బ తగిలింది. నేను రాసిన ఇంగ్లిష్ పేరా ఆ 98లోకి వెళ్తుంది. కోపం కోసం ఆ సిస్టమ్‌లో ఒక కాలమ్ కూడా పెట్టలేదు.

ఇటుకరాయి సమాధానం

మరి ఆ 98 మంది ఊరుకున్నారా? లేదు.

చందా ఉత్తరంతో పాటు ఒక జవాబు కవరు వస్తుంది. దాని మీద స్టాంపు అక్కర్లేదు అని ఉంటుంది. మన పాత పత్రికల్లో కూడా ఇలాంటి కార్డులు ఉండేవి, ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. అమెరికాలో ఇది 1928 నుంచి ఉంది. దీని లెక్క సింపుల్. తిరిగొచ్చిన కవర్లకి మాత్రమే, ఆ కవరు పంపిన సంస్థ పోస్టాఫీసుకి చార్జీ కడుతుంది. మామూలు స్టాంపు ధర, దాని మీద ఇంకొంచెం ఫీజు.

దీన్ని జనం పట్టేశారు. ఖాళీ కవరు తిరిగి పంపితే చాలు, నాకు పడని పార్టీకి కొన్ని సెంట్లు బొక్క. కొందరు ఆ ఉత్తరాన్నే ముక్కలు చేసి కుక్కి పంపేవాళ్లు. 1971లో అబీ హాఫ్‌మన్ అనే ఉద్యమకారుడు 'స్టీల్ దిస్ బుక్' అని ఒక పుస్తకం వేశాడు. అందులో ఇంకో మెట్టు పైకెళ్లాడు: ఆ జవాబు కార్డుని ఒక ఇటుకకి అతికించి పోస్టులో వేయమన్నాడు. బరువు ఎంతుంటే చార్జీ అంత.

వినడానికి భలే ఉంది కదా? కానీ పోస్టల్ శాఖ కూడా పుస్తకాలు చదువుతుంది. అమెరికా పోస్టల్ రూల్స్ పుస్తకంలో ఒక లైను చేరింది. జవాబు కార్డుని ఇంకో వస్తువు మీద లేబుల్‌లా అతికిస్తే ఆ వస్తువుని చెత్త కింద లెక్కేయొచ్చు అని. ఉదాహరణగా ఏం రాశారో తెలుసా? ఇటుక. గవర్నమెంట్ రూల్స్ పుస్తకంలో ఇటుక పేరు ఎక్కిందంటే, ఎంత మందికి ఎంత కోపం వచ్చి ఉండాలి!

సో ఇటుక పార్టీ ఆఫీసు దాకా వెళ్లదు. దాన్ని మోసేది పోస్టల్ ఉద్యోగి. పారేసేదీ వాళ్లే. మన కోపం అభ్యర్థికి తగలదు, మధ్యలో ఉన్న మనిషి నడుముకి తగులుతుంది. ఈ పాయింట్‌కి మళ్లీ వస్తా.

కోర్టు గుమ్మం

ఇంకొందరు చట్టం వైపు వెళ్లారు. 1967లో ఒక చట్టం వచ్చింది. అది నిజానికి అశ్లీల ప్రకటనల కోసం. ఇంటికొచ్చిన ప్రకటన అసభ్యంగా ఉందని ఇంటాయన అంటే చాలు, ఇకపై ఆ ఇంటికి ఏమీ పంపొద్దని పోస్టాఫీసు ఆర్డర్ ఇవ్వొచ్చు. దాని మీద పంపేవాళ్లు కేసు వేశారు. అదే రోవన్ కేసు. 1970 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, చీఫ్ జస్టిస్ వారెన్ బర్గర్ రాశాడు.

తీర్పు సారం ఏంటంటే, నీకు మాట్లాడే హక్కుంది నిజమే, కానీ వినని వాడి గుమ్మం దాటి లోపలికొచ్చి వినిపించే హక్కు లేదు. ఇంకో మంచి విషయం, ఏది అసభ్యమో తేల్చేది పూర్తిగా ఆ ఇంటి మనిషే. మామూలు బట్టల కేటలాగ్ వచ్చినా సరే, నాకు ఇది అసభ్యం అనొచ్చు. ఎవరూ ఎదురు అడగరు.

ఇంకో తలుపు ఎన్నికల చట్టం మూసింది. విగరీ చేసిన పని గుర్తుందిగా? 1970ల చట్టాలతో విరాళాల రిపోర్టుల్లోంచి మనుషుల పేర్లు తీసుకుని చందాలు అడగడం నిషేధం అయింది. మరి ఎవరైనా దొంగతనంగా వాడితే ఎలా పట్టుకోవాలి? దీనికి చట్టంలోనే ఒక ట్రిక్ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ప్రతి పార్టీ కమిటీ తన రిపోర్టులో పది దొంగ పేర్లు కలపొచ్చు. అసలు లేని మనుషులు. రేపు ఆ లేని మనిషి పేరు మీద చందా ఉత్తరం వచ్చిందంటే, మన లిస్టు ఎవరో కొట్టేశారని అర్థం. కంప్యూటర్ సెక్యూరిటీ వాళ్లు దొంగల కోసం వేసే వల లాంటిదే ఇది. వీళ్లు కాగితం రోజుల్లోనే వేశారు.

శాండ్‌విచ్‌తో సమాధానం

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సమాధానం.

2003 జులై. అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చేనీ ఒక విందు పెట్టాడు. ప్లేటు ఒక్కటి 2,000 డాలర్లు. ఆ ఒక్క భోజనంతో రెండు మూడు లక్షల డాలర్లు వస్తాయని అంచనా. ఎదుటి పార్టీలో టికెట్ కోసం పోటీ పడుతున్న హోవార్డ్ డీన్ టీమ్ ఏం చేసిందంటే, డీన్ కంప్యూటర్ ముందు కూర్చుని మామూలు టర్కీ శాండ్‌విచ్ తింటున్న ఫొటో నెట్‌లో పెట్టింది. వాళ్ల విందు అది, మన భోజనం ఇది, మీరు ఎంతిస్తారో ఇవ్వండి అంది. సుమారు పది వేల మంది చిన్న చిన్న మొత్తాలు పంపారు. అన్నీ కలిపితే దాదాపు 5 లక్షల డాలర్లు. చేనీ విందు కంటే శాండ్‌విచ్ గెలిచింది.

2016 నవంబర్ ఎన్నిక తర్వాత ఇంకో రకం చూశాం. వేల మంది ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ అనే సంస్థకి విరాళం ఇస్తూ, ఎవరి గౌరవార్థం అనే చోట ఆ సంస్థని బాగా వ్యతిరేకించే మైక్ పెన్స్ పేరు రాశారు. మీ పేరు మీద విరాళం వచ్చింది అని సర్టిఫికెట్లు ఆయన ఆఫీసుకి వెళ్లేలా.

మీకు వాళ్ల రాజకీయం నచ్చినా నచ్చకపోయినా మెకానిజం చూడండి. ఇటుకతో ఎదుటి వాడికి సెంట్లలో నష్టం, అది కూడా అందదు. కోపాన్ని తీసుకెళ్లి మనకి నచ్చిన పని మీద పెడితే లెక్కలో కనబడుతుంది. కానీ ఇందులోనూ చిక్కుంది. ఇటు వాళ్లు కూడా లిస్టే తయారు చేస్తారు. ఈ రోజు శాండ్‌విచ్‌కి 50 డాలర్లు ఇచ్చిన వాడికి రేపటి నుంచి రోజూ మెయిల్ వస్తుంది.

ముందే టిక్కు పెట్టిన డబ్బా

మెయిల్ అంటే ఉత్తరం లాంటిది కాదు. ఉత్తరానికి స్టాంపు ఖర్చుంది, మెయిల్‌కి దాదాపు సున్నా. 2012లో ఒబామా టీమ్ ఒక్కో మెయిల్‌ని రకరకాలుగా రాసి, ముందు చిన్న గుంపుకి పంపి, ఏది ఎక్కువ డబ్బు తెస్తే దాన్ని మిగతా అందరికీ పంపేది. బాగా పని చేసిన సబ్జెక్ట్ లైన్లలో ఒకటి ఉత్త 'హే'. ఇంకోటి 'నాకంటే వాళ్లు ఎక్కువ ఖర్చు పెడతారు' అనే అర్థం వచ్చేది. ఆ ఒక్క మెయిల్ 26 లక్షల డాలర్లకు పైగా తెచ్చింది. భయం బాగా పని చేస్తుంది అన్నమాట. నాకొచ్చిన మెసేజ్‌లో "ఈ రాత్రి పన్నెండు లోపు" ఎందుకుందో అర్థమైందా?

తర్వాత ఇంకో మెట్టు దిగారు. డబ్బు కట్టే పేజీలో ఒక చిన్న డబ్బా, దానికి ముందే టిక్కు. 'ఇది ప్రతి వారం ఇవ్వండి' అని చిన్న అక్షరాల్లో. తీసేయడం మర్చిపోతే ఒకసారి ఇచ్చింది మళ్లీ మళ్లీ కట్ అవుతుంది. 2021 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ దీన్ని బయటపెట్టింది. క్యాన్సర్‌తో చివరి రోజుల్లో ఉన్న ఒకాయన 500 డాలర్లు ఇద్దామనుకుంటే, నెల లోపే 3,000 పోయాయి, బ్యాంకు ఖాతా ఖాళీ అయింది. 2020 ప్రచారంలో ట్రంప్ టీమ్, ఆ పార్టీ కలిసి 12 కోట్ల డాలర్లకు పైగా తిరిగి ఇచ్చాయి. బైడెన్ వైపు వాళ్లు తిరిగిచ్చింది 2 కోట్ల పైచిలుకు. ముందే టిక్కు పెట్టే అలవాటు అప్పట్లో డెమోక్రాట్ సంస్థల్లోనూ కొన్నింటికి ఉండేది. ఆ ఏడాది మే నెలలో అమెరికా ఎన్నికల కమిషన్‌లో రెండు పార్టీల సభ్యులూ ఏకగ్రీవంగా, ఈ డబ్బాని నిషేధించమని పార్లమెంటుకి సిఫారసు చేశారు.

ఇది చదివాకే నేను ఆ పాత పేరు గురించి ఆలోచించడం మొదలుపెట్టా.

నా నంబర్ పాత ఓనర్

అమెరికాలో ఒకరు వదిలేసిన నంబర్‌ని కనీసం 45 రోజులు పక్కన పెట్టి, ఇంకొకరికి ఇచ్చేస్తారు. నా నంబర్ అలా వచ్చిందే. ఫేస్‌బుక్ ఖాతానే లేని ఒకతనికి ఫేస్‌బుక్ మెసేజ్‌లు వచ్చాయని వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నంబర్ చేతులు మారి ఉంటుందని కంపెనీ వాదన. 2021లో కంపెనీయే గెలిచింది, తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట. ఆటోమేటిక్ డయలర్ అంటే ఏంటో ఆ తీర్పు చాలా ఇరుకు చేసింది. ఇంకో వైపు, రాజకీయ కాల్స్ 'డు నాట్ కాల్' లిస్టుకి అందవు. స్పామ్ మెయిల్ చట్టం వ్యాపార మెయిల్స్‌కే. అంటే రాజకీయ మెసేజ్‌కి రోడ్డు దాదాపు ఖాళీ.

వారం రోజుల్లో నాకు అలాంటివి ఇరవై దాకా వచ్చాయి. అన్నింట్లో అదే పేరు. "మీరు మమ్మల్ని వదిలేశారా?" "మీ పేరు లిస్టులోంచి తీసేయాల్సి వస్తుంది." ఇన్ని వస్తున్నాయంటే ఆయన గతంలో చాలాసార్లే ఇచ్చి ఉంటారు. మరి నంబర్ ఎందుకు వదిలేశారు? ఊరు మారారా, బిల్లు కట్టలేకపోయారా, అసలు ఉన్నారా? నాకు తెలియదు. మౌనంగా ఎందుకున్నారు అని మాత్రం రోజూ అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ డాలర్ సంగతి. పేమెంట్ పేజీలో ఒక లైన్ ఉంది: నేను అమెరికా పౌరుణ్ని, లేదా అక్కడ శాశ్వత నివాసిని. దానికి ఒప్పుకుంటేనే ముందుకెళ్తుంది. గ్రీన్ కార్డు లేని విదేశీయుడు అమెరికా ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ, ఏ పార్టీకీ ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. స్థానిక ఎన్నికలకి కూడా ఇదే రూల్. అది ఫెడరల్ చట్టం. తిట్టడానికే ఇచ్చాను అంటే కుదరదు. వీసా మీద ఉన్నవాడు అబద్ధపు టిక్కు పెట్టి, తన పేరు, కార్డు నంబర్ రికార్డులో ఎక్కించుకోవడం అన్నమాట. అమెరికాలో ఉన్న మన వాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీకు నచ్చిన అభ్యర్థికైనా అంతే. ఎవరైనా అంకుల్ "నా పేరు మీద ఇచ్చేస్తా, నువ్వు నాకు పంపు" అన్నా అది కూడా తప్పే.

కార్డు లోపల పెట్టేశా. కానీ ఆ పేరా మాత్రం పంపేశా. అందులో మీ అభ్యర్థి ఇలాంటోడు, మీకు డబ్బులిచ్చే ఈ ముసలాయన ఇంకా ఇలాంటోడు అని కూడా రాశా.

రెండు నిమిషాల్లో రిప్లై వచ్చింది. మెషీన్ అనుకున్నా, కాదు. ఇలాంటి మెసేజ్‌లు చాలావాటిని వాలంటీర్లు స్క్రీన్ ముందు కూర్చుని ఒక్కోటి నొక్కి పంపుతారు, రిప్లైలు కూడా వాళ్లే చూస్తారు. "సారీ, నేను వాలంటీర్‌ని. ఈ నంబర్ తీసేస్తాను. మీరు ఆయన బంధువా? ఆయన బాగున్నారా?" అని ఉంది.

చాలాసేపు ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నా. నేను ఇటుక విసిరాను. అది అభ్యర్థికి తగల్లేదు. పోస్టల్ ఉద్యోగికి తగిలినట్టే ఈ మనిషికి తగిలింది. ఆ వాలంటీర్ అభిప్రాయాలు నాకు ఇప్పటికీ నచ్చవు, అది వేరే విషయం. నన్ను ఆపాలని అడిగిన ఆ మెసేజ్ ఇప్పటికీ తప్పే. కానీ ఆ లిస్టులో ఉన్న పేరు వెనకాల ఒక మనిషి ఉన్నాడని ఆ రోజు అడిగింది నేను కాదు, ఆ వాలంటీర్.

"బంధువుని కాదండి. ఆయన గురించి నాకు తెలియదు. ఈ నంబర్ ఇప్పుడు నాది" అని రాశా. మిగతా నంబర్ల నుంచి వచ్చినవాటికి ఒక్కోదానికీ 'స్టాప్' అని పెట్టా. ఒకరికి స్టాప్ పెడితే ఆ ఒక్కరే ఆగుతారు, లిస్టు అద్దెకి తీసుకున్న ఇంకొకరు మళ్లీ వస్తారు. అయినా రెండు మూడు వారాల్లో చాలా తగ్గాయి. లింకులు నొక్కొద్దు, మోసం అనిపిస్తే అమెరికాలో 7726కి ఫార్వర్డ్ చేయొచ్చు.

నాకు అర్థమైంది ఇంతే. లిస్టుకి మూడే మాటలు తెలుసు: డబ్బు, మౌనం, స్టాప్. దానితో వాదించడం టైమ్ వేస్ట్. స్టాప్ అని చెప్పేయండి. వాదన మనుషులతో పెట్టుకోండి, మొహం చూసి పెట్టుకోండి. మీరు నమ్మే పనికి చట్టం ఒప్పుకునే చోట మీ డబ్బు, మీ టైమ్ పెట్టండి.

నేను ఇండియా వచ్చేటప్పుడు ఆ సిమ్ వదిలేశా. ఇంత చదివి కూడా బ్యాంకులో, అక్కడి తెలుగు సంఘం గ్రూపులో నంబర్ మార్చడం మర్చిపోయా. 45 రోజులు దాటి చాలా కాలమైంది. ఇప్పుడు అది ఎవరి దగ్గరుందో? బతుకమ్మ టికెట్లు, ఉగాది విరాళాలు అంటూ నా పేరు మీద ఆ మనిషికి మెసేజ్‌లు వెళ్తూ ఉంటాయి. బహుశా ఆ అభ్యర్థికి ఓటేసిన మనిషే అయ్యుండొచ్చు.

ఆ మనిషి తిట్టినా నేనేం అనుకోను. 'స్టాప్' అని పెడితే చాలు.

మీకు ఇలాంటి మెసేజ్ ఎప్పుడైనా వచ్చిందా, మీరేం చేశారు, కామెంట్స్‌లో చెప్పండి. ఎపిసోడ్ నచ్చితే అమెరికాలో ఉన్న మీ ఫ్రెండ్‌కి పంపండి, ముఖ్యంగా ఆ గ్రీన్ కార్డు ముక్క. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.